కారు కొడుకు పేరున, కావలి నాయన మీద

పోయిన నెల కర్ణాటకలోని బళ్లారి జిల్లా మోకలో, లండన్‌లో ఉండే మన సంఘ సభ్యుడొకరి ఇంటి ముందు నిలిపిన కారు తెల్లారేసరికి లేదు. ఈ సంచిక అచ్చుకు వెళ్లేనాటికీ దొరకలేదు. ఆలూరు, సిరుగుప్ప దారుల్లో రాత్రంతా వెతికిన మన ఊరి పిల్లలకు సంఘం తరఫున కృతజ్ఞతలు. కానీ నాయనలారా, చీకట్లో దొంగల వెంట పడొద్దు. చేతులు జోడించి అడుగుతున్నాం.

కారు పోవడం కంటే ఆ తర్వాతి గంటలు ఎక్కువ బాధపెట్టాయి. ఇంట్లో ఉన్న ఆ సభ్యుడి నాయన ముందు కొడుక్కి ఫోన్ చేశాడు. లండన్‌లో అప్పుడు అర్ధరాత్రి. ఎత్తలేదు. ఆర్‌సీ కొడుకు పేరున, బీమా కాగితం కొడుకు ఈమెయిల్‌లో, ఫాస్టాగ్ మెసేజ్‌లు వచ్చేది ఎప్పుడో మూలపడిన కొడుకు ఇండియా సిమ్‌కి. ఛాసిస్ నెంబరు అడిగితే ఆయన ఏం చెబుతాడు? మన ఇళ్లలో ఎన్నింట ఇదే తీరు కాదు? అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లడానికని కారు కొనిచ్చాం. దాని కాగితాలు మాత్రం మన దగ్గరే పెట్టుకున్నాం.

ఈ వారమే ఒక పని చేయండి. కారు నెంబరు, ఇంజన్, ఛాసిస్ నెంబర్లు, పాలసీ నెంబరు పెద్ద అక్షరాలతో రాసి ఇంటికి పంపండి. ఆ కాగితం బీరువాలో ఉండాలి, కారులో కాదు. ముందు 112కి, తర్వాతే మీకు ఫోన్ చేయాలని నాయనకు గట్టిగా చెప్పండి. కారు హగరి ఏరు దాటి ఆంధ్రలోకి పోయిందా, ఇటే ఉందా అని తేల్చుకునేదాకా ఆగొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. కన్నడం రాయడం రాదని వెనకాడనక్కర్లేదు, నోటితో చెబితే వాళ్లే రాసుకుని చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. ఆన్‌లైన్‌లో మీరే పంపినా మూడు రోజుల్లో సంతకం పెట్టాలి. దూరాన ఉన్నవాళ్లకు అది ఎలా కుదురుతుంది?

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే దొంగతనానికి పైసా రాదు. నాలుగు వేలు మిగిలాయని సంతోషించినవాళ్లు మనలోనే ఉన్నారు, దయచేసి మార్చుకోండి. ఎఫ్‌ఐఆర్ వెంటనే పెట్టి ఉంటే, బీమా కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిము తోసిపుచ్చకూడదని 2020లో గుర్‌శిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మొదటి పరుగు స్టేషన్‌కే. క్లెయిమ్‌లో రెండు తాళంచెవులూ అడుగుతారు. రెండోది డ్రైవర్ దగ్గర వదిలేసినవాళ్లు ఇవాళే తెప్పించుకోండి. స్టీరింగ్ లాక్ కూడా వేయించండి. చిన్న ఖర్చే.

ఫిర్యాదు నమూనాను తెలుగులో, కన్నడంలో రాసిచ్చిన మన వకీలు సోదరికి ధన్యవాదాలు. చివరి పేజీలో ఉంది, కత్తిరించి ఇంటికి పంపండి. బీమా, తాళంచెవుల విషయంలో సందేహాలుంటే వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆమెనే అడగొచ్చు.

  

– సంపాదకవర్గం