నీళ్ళు లేని ఊరికి ఈత ఎందుకంటారా?

"తాగడానికే నీళ్ళు లేవు, ఇంక ఈత ఎందుకమ్మా మాకు?" ఆలూరు వైపు ఏ తల్లిని కదిలించినా ముందు వచ్చే మాట ఇదే. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కొళాయి ఎప్పుడొస్తుందోనని బిందెలు వరస పెట్టుకుని కూర్చునే మనిషిని పిల్లాడి ఈతకు ఫీజు కట్టమంటే ఒళ్ళు మండదా? ఈత కోనసీమ వాళ్ళకు, కృష్ణ ఒడ్డున ఉండేవాళ్ళకు. మనకు ట్యూషను, కంప్యూటరు చాలు. ఇదీ మన లెక్క.

ఈ లెక్క సరికాదని నా అభిప్రాయం. ఏటి ఒడ్డున పెరిగే పిల్లాడికి ఎక్కడ లోతో, ఎక్కడ సుడి తిరుగుతుందో ఇంట్లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మన పిల్లలకు చెప్పేదెవరు? ఏడాదిలో ఎక్కువ నెలలు హగరిలో వాళ్ళకు కనిపించేది ఇసుకే. నాలుగు వానలు పడి నీళ్ళొచ్చాయంటే అదొక తిరునాళ్ళ. ఇసుక తవ్విన గుంతలు ఆ నీళ్ళ కింద ఎక్కడున్నాయో పెద్దవాళ్ళకే తెలియదు. హాలహర్వి వైపు తుంగభద్ర దిగువ కాలువకు నీళ్ళు వదిలినప్పుడూ ఇదే సంబరం. ఇక చేలలో చూడండి. 2016 ప్రాంతంలో పంట సంజీవని పేరుతో రాష్ట్రమంతా సేద్యపు కుంటలు తవ్వించారు. వాన నీళ్ళు నిలిచేందుకు మంచిదే, కాదనను. కానీ ఆదివారం పూట చేనికి పోయిన పిల్లాడికి అది ఈత కొట్టే చోటులా కనిపిస్తుంది. ప్లాస్టిక్ పట్టా పరిచిన కుంటలోకి జారితే ఎదిగిన మనిషికే పైకెక్కడం కష్టం. పట్టు దొరకదు, కాలు జారుతూనే ఉంటుంది.

మన పెద్దవాళ్ళకు ఈత రాదనుకునేరు! మీ తాతనో, చిన్నాయననో అడిగి చూడండి. దిగుడు బావుల్లో, కపిల బావుల్లో నడుముకు ఎండు సొరకాయ బుర్రో, బెండ్లో కట్టుకుని, పైన గట్టు మీద ఒకరు తాడు పట్టుకుని నిలబడితే నేర్చుకున్నారు. రోజురోజుకూ ఒక్కో బెండు తీసేసేవారట. ఆలోచిస్తే ఎంత పద్ధతిగా ఉంది! ఆ తర్వాత లారీ ట్యూబులొచ్చాయి. ఆ తర్వాత బోర్లొచ్చాయి. బోర్లు లోతుకు పోయేకొద్దీ బావులు ఎండాయి. ఎండిన బావుల్లో ముళ్ళకంప వేశారు. బావితో పాటు ఈత నేర్పే మేనమామా పోయాడు. తండ్రికి వచ్చిన ఈత కొడుక్కి రాకపోవడం మన దగ్గర ఒక్క తరంలో జరిగిపోయింది. కూతురి సంగతి అడగనే వద్దు, ఆమెకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అమెరికాలో ఉన్న మనవళ్ళను మూడు నాలుగేళ్ళకే మంచు మీద జారే ఆట నేర్చుకోవడానికి పంపుతున్నారని, నెత్తికి హెల్మెట్ పెట్టి, ఒంటికి సరిపడే బూట్లు తొడిగి దించుతున్నారని ఫోనులో విని మురిసిపోయే అవ్వలు మన ఊళ్ళలోనూ ఉన్నారు. అక్కడ మంచు కురుస్తుంది కాబట్టి మంచులో మెలగడం నేర్పుతున్నారు. ఇక్కడ కాలువకు నీళ్ళొస్తాయి కాబట్టి మనం నీళ్ళలో మెలగడం నేర్పాలి. తేడా ఏముంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారు. వాళ్ళలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ళ లోపు పిల్లలే. బడి వయసు పిల్లలకు ఈత, నీళ్ళ దగ్గర జాగ్రత్తలు నేర్పించాలని ఆ సంస్థే సలహా ఇస్తోంది. పక్కనున్న బంగ్లాదేశ్‌లో ఊరి చెరువుల్లోనే వెదుళ్ళతో మంచెలా కట్టి నేర్పుతున్నారు. డబ్బున్న వాళ్ళ ముచ్చట అనుకుంటే వాళ్ళెందుకు నేర్పుతారు?

సరే, ఎన్నో ఏట మొదలుపెట్టాలి? అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ ఒకప్పుడు నాలుగేళ్ళు నిండాకే అనేది. 2010లో ఆ పట్టు సడలించింది. 2019లోనైతే ఏడాది దాటిన పిల్లలకూ ఉపయోగం ఉండొచ్చనీ, నాలుగేళ్ళ వయసుకు చాలామంది పిల్లలు సిద్ధంగా ఉంటారనీ చెప్పింది. మన ఎండాకాలం శిబిరాల తీరు చూస్తే అయిదారేళ్ళు సరైన వయసని నాకనిపిస్తుంది. చెప్పిన మాట వింటారు, వరసలో నిలబడతారు, ఒంటికి పోయాలంటే అడుగుతారు. చంటిపిల్లల్ని నీళ్ళలో ఆడించి ఫోటోలు తీసుకోవడం సరదాకే, దాన్ని ఈత అనుకోకండి.

వేసవి సెలవులకు బళ్ళారిలో పిన్ని ఇంటికో, కర్నూలులో మేనత్త ఇంటికో పిల్లల్ని పంపి, అక్కడ స్విమ్మింగ్ పూల్‌లో చేర్పించే వాళ్ళు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నారు. మంచిదే. అయితే చేర్పించే తీరు చూస్తే నాకు దిగులేస్తుంది. ఫీజెంత, ఎన్ని రోజుల్లో వచ్చేస్తుంది అని రెండే ప్రశ్నలు. పట్టుచీర కొనేటప్పుడు అంచు తిప్పి, మడత విప్పి, వెలుతురులోకి తెచ్చి చూసేవాళ్ళం కదా! పిల్లను అప్పజెప్పే చోట అంతపాటి చూపు వద్దా?

డబ్బు కట్టకముందు ఒక రోజంతా కాకపోయినా, ఒక్క బ్యాచి అయ్యేదాకా గట్టు మీద కూర్చోండి. చూడాల్సింది కొలను అందం కాదు, నేర్పే మనిషిని. చిన్నపిల్లలకు నేర్పేటప్పుడు ఆయన నీళ్ళలో ఉన్నాడా, ఒడ్డున కుర్చీలో కూర్చుని ఈల ఊదుతున్నాడా? ఒక్కడి చేతి కింద ఎంతమంది పిల్లలున్నారు? అప్పుడే మొదలుపెట్టిన పిల్లలు నలుగురైదుగురికి మించితే నేనైతే వెనక్కి వచ్చేస్తాను. పాఠం చెప్పేవాడు కాక, ఊరికే కాపలా కాసేందుకు ఇంకొకరున్నారా? ఆ కాపలా మనిషి కళ్ళు నీళ్ళ మీద ఉన్నాయా, సెల్‌ఫోను మీద ఉన్నాయా? లోతు ఎక్కడెంతో గోడ మీద రాశారా? విసరడానికి ట్యూబు, తాడు, పొడుగాటి కర్ర చేతికందేలా ఉన్నాయా, తాళం వేసిన గదిలో ఉన్నాయా? ఊపిరి ఆగితే ఏం చేయాలో నేర్చుకున్నవాళ్ళు ఎవరని అడగండి. విసుక్కుంటే అదే మీకు జవాబు.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. అడుగున పరిచిన పలకలు స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే మునిగిన పిల్ల కూడా కనిపించదు. క్లోరిన్ వాసన గుప్పుమంటే చాలా శుభ్రంగా ఉంచుతున్నారని మనవాళ్ళు సంతోషపడతారు. నిజానికి క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసినప్పుడే ఆ ఘాటు వాసన ఎక్కువవుతుంది. దిగేముందు అందరి చేతా స్నానం చేయిస్తున్నారా అన్నది చూసుకోండి.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది తోసేయడం. "నీళ్ళలోకి నూకితే అదే వస్తుందిలే" అనే మాట తండ్రుల నోటా, నేర్పేవాళ్ళ నోటా ఇప్పటికీ వింటున్నాం. అలా నూకితే వచ్చిన వాళ్ళు ఆ కథ చెప్పడానికి మిగిలారు కాబట్టి చెబుతున్నారు. రానివాళ్ళు ఏమయ్యారు? కొందరు జీవితాంతం మోకాటి లోతు నీళ్ళకే వణుకుతున్నారు. బావి గట్టున తాడు పట్టుకుని నిలబడిన ఆ పాతకాలపు మేనమామ కూడా ఒక్కసారిగా వదల్లేదు, ఒక్కో బెండే తీశాడు. పిల్ల తల పట్టి ముంచే కోచ్ కనిపిస్తే, కట్టిన ఫీజు పోయినా సరే, ఆ పూటే ఇంటికి తెచ్చేసుకోండి.

ఇంటి దగ్గర చేయించగలిగిన పని చాలా ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. స్నానం చేయించేటప్పుడు చెంబుతో తల మీద నుంచి నీళ్ళు పోసి, ముఖం వెంటనే తుడుచుకోకుండా పది అంకెలు లెక్కపెట్టించండి. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, మూతి ముంచి బుడగలు ఊదమనండి. అదొక ఆట పిల్లలకు. నోటితో గాలి పీల్చి, నీళ్ళలో ముక్కుతో వదలడం వచ్చిందంటే సగం భయం పోయినట్టే. అయితే ఆ గిన్నె దగ్గర పిల్లను వదిలి పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పోకండి. చిన్నపిల్లకు బక్కెట్టులో జానెడు నీళ్ళు చాలు ప్రమాదానికి.

చెవిలో చీము కారే పిల్లలను, ఫిట్స్ వచ్చే పిల్లలను, ఆయాసం ఉన్నవాళ్ళను డాక్టరుకు చూపించకుండా దించొద్దు. కడుపు నిండా సంగటి పెట్టి తీసుకుపోవద్దు, అట్లని ఖాళీ కడుపుతోనూ వద్దు. ఒక అరటిపండు చాలు. తలకు నూనె రాసి పంపకండి, నీళ్ళ మీద తెట్టె కడుతుంది. చేతులకు తొడిగే గాలి బుడ్డలు బజారులో రంగురంగులవి దొరుకుతాయి. అవి ఆటవస్తువులు, ప్రాణం కాపాడే వస్తువులు కావు. అవి ఉన్నాయన్న ధీమాతో అమ్మ కన్ను పక్కకు పోతుంది, అదీ అసలు ముప్పు.

మొదటి మూడు నాలుగు రోజులు ఏడుస్తారు. ఏడవనీయండి. మీరు కనబడేంత దూరంలో కూర్చోండి, కానీ గట్టు మీద నుంచి "చెయ్యి ఆడించు, కాలు ఆడించు" అని అరవకండి. పక్కింటి పిల్ల అప్పుడే ఈ చివర నుంచి ఆ చివరికి పోయిందని పోల్చకండి. ముందు నేర్వాల్సింది రకరకాల ఈతలు కాదు. వెల్లకిలా తేలడం, గోడ దగ్గరికి వచ్చి పట్టుకోవడం, మెట్లు లేకుండా పైకెక్కడం. వచ్చిందా లేదా అని చూడటానికి వైద్యులూ, రెడ్‌క్రాస్ వాళ్ళూ చెప్పే ఒక పరీక్ష ఉంది. తల మునిగే నీళ్ళలోకి దిగాలి, పైకి తేలి ఒక నిమిషం అక్కడే ఉండాలి, చుట్టూ తిరిగి ఒడ్డు ఎటుందో చూసుకోవాలి, ఇరవై అయిదు గజాలు ఈది ఒడ్డు చేరాలి, తనంతట తాను బయటికి రావాలి. ఇది కోచ్ పక్కన ఉండగా చేయించాల్సిన పరీక్ష. పదిహేను రోజుల శిబిరంలో ఇది అందరికీ రాదు. రాకపోతే వచ్చే ఎండాకాలం మళ్ళీ పంపాలి. సర్టిఫికెట్ ఇచ్చారు కదా అని ఊరుకోవడానికి ఇది డాన్సు పోటీ కాదు.

ఇక ఆడపిల్లల మాట. ఇద్దరు పిల్లలుంటే కొడుకును పంపుతారు, కూతుర్ని గట్టు మీద తువ్వాలు పట్టుకుని కూర్చోబెడతారు. అడిగితే మూడు కారణాలు చెబుతారు. నల్లబడుతుందట, జుట్టు పాడవుతుందట, ఆ బట్టలేంది అట. పొద్దున ఆరింటికి ఈదితే ఏ ఎండకు నల్లబడుతుంది? జుట్టుకు టోపీ ఉంది, తర్వాత మంచినీళ్ళ స్నానం ఉంది. బట్టలంటారా, మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా కప్పే ఈత దుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి. లంగా, నూలు చుడీదారుతో మాత్రం దించకండి. తడిసి బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటాయి. కాలువకు బట్టలు ఉతకడానికి పోయేది ఎవరు? గొర్రెలకు, ఎనుములకు నీళ్ళు పెట్టడానికి అమ్మ వెంట పోయేది ఎవరు? ఆడపిల్లే కదా. నీళ్ళ పని ఆమెది, ఈత మాత్రం వాడిది. ఇదేం పంపకమప్పా!

పూల్‌లో ఈత వచ్చింది కదా, ఇక కాలువలో దూకొచ్చు అనుకునే ప్రమాదమూ ఉంది. కాలువ గోడలు పాచి పట్టి ఉంటాయి, నీటి ఉరవడి మనిషిని ఒకచోట నిలవనీయదు. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో ఎగువ డ్యాం నుంచి వదిలిన నీళ్ళకు హైదరాబాద్ ఇంజినీరింగు విద్యార్థులు ఇరవై నలుగురు కొట్టుకుపోయారు. అట్లాంటి నీళ్ళ ముందు ఎవరి ఈతా నిలవదు. పూల్‌లో దిగే ముందు ఎలా పెద్దవాళ్ళను అడగాలో, కాలువ దగ్గరికి అసలు ఎందుకు పోకూడదో కూడా అదే వేసవిలో చెప్పాలి.

ఇంకొకటి చెప్పాలి, ఎవరైనా మునుగుతుంటే వెంట దూకొద్దని. ఒకడిని తీయబోయి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు పేపర్లో ఎన్ని చదవలేదు? ఒడ్డున పడుకుని కర్ర అందించాలి, తాడు విసరాలి, ఖాళీ క్యాను విసరాలి, అరిచి పెద్దవాళ్ళను పిలవాలి. 2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లాలో ముగ్గురు ఆడవాళ్ళు ఒంటి మీది చీరలు విప్పి నీళ్ళలోకి విసిరారు. మునుగుతున్న నలుగురు కుర్రాళ్ళలో ఇద్దరు వాటిని పట్టుకుని బతికారు. సిగ్గుపడుతూ నిలబడి ఉంటే ఆ ఇద్దరూ దక్కేవారు కాదు. చీరంత పొడుగు తాడు ప్రతి ఆడదాని ఒంటి మీదే ఉందని మనమెప్పుడైనా అనుకున్నామా?

పిల్లను దించి, గట్టు మీద గంటసేపు కూర్చునే తల్లులకూ ఒక మాట. 2021 మార్చిలో శ్రీలంక నుంచి మన తీరం దాకా పాక్ జలసంధిని ఈదిన గోలి శ్యామల గారు ఈత మొదలుపెట్టింది నలభై దాటాకే. మనం సముద్రాలు దాటక్కర్లేదు, వెల్లకిలా తేలితే చాలు. "ఆడవాళ్ళకు వేరే టైము లేదమ్మా" అంటారు కొలను వాళ్ళు. పదిమంది తల్లులు కలిసి, పదిమంది ఫీజూ ముందే చేతిలో పెట్టి, పొద్దున అయిదు నుంచి ఆరు దాకా ఒక్క గంట మాకు ఇవ్వండి, నేర్పడానికి ఒక ఆడమనిషిని పెట్టండి అని అడిగి చూడండి. వచ్చే ఎండాకాలానికి అడగాలంటే సంక్రాంతి లోపే అడగాలి. ఉగాది దాటాక అయితే బ్యాచులన్నీ నిండిపోయాయంటారు.