ఆ మార్కులు నైపుణ్యానికా, నేపథ్యానికా?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఎటు చూసినా కోచింగ్ ప్రకటనలే. జావా, పైథాన్‌ల పక్కన ఇప్పుడు ‘సాఫ్ట్ స్కిల్స్’ కూడా చేరాయి. పల్లెల నుంచి వచ్చి ఇక్కడి హాస్టల్ గదుల్లో సర్దుకుంటున్న దళిత విద్యార్థులతో మాట్లాడితే మాకు తరచూ వినిపించే మాట ఒకటే: ‘‘రాత పరీక్ష దాటుతున్నాం, హెచ్‌ఆర్ రౌండ్‌లో పోతున్నాం.’’

ప్రపంచ ఆర్థిక వేదిక 2025 ఉద్యోగాల నివేదిక ప్రకారం, పదింట ఏడు కంపెనీలు విశ్లేషణాత్మక ఆలోచనను తప్పనిసరి నైపుణ్యంగా చూస్తున్నాయి. ఒడిదుడుకులు తట్టుకోవడం, పరిస్థితిని బట్టి మారడం, నాయకత్వం ఆ తర్వాత వస్తాయి. ఈ కొలతతో చూస్తే మన పిల్లలకు లోటేముంది? పగలు డెలివరీ పని, సాయంత్రం క్లాసు, నెలాఖరుకు ఇంటికి డబ్బు పంపే కుర్రాడికి సమయపాలన ఎవరు నేర్పాలి? 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే కదా!

చిక్కు నైపుణ్యంలో లేదు, కొలిచే చేతిలో ఉంది. కోడ్ నడిచిందో లేదో యంత్రం చెబుతుంది. ‘కమ్యూనికేషన్’, ‘మా టీమ్‌కు సరిపోతారా’ అన్నవి మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషి నిర్ణయిస్తాడు. యాస, ఇంటిపేరు, తండ్రి ఏం చేస్తాడన్న ప్రశ్న అక్కడే దూరతాయి. 2007లో వెలువడిన తమ అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంత కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లను కలిశారు. ప్రతిభే కొలమానమన్న వాళ్లే ‘కుటుంబ నేపథ్యం’ అడుగుతామని కూడా చెప్పారు. అదే ఏడాది వెలువడిన సుఖదేవ్ థోరట్, పాల్ అటవెల్ అధ్యయనంలో ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపారు. అగ్రకుల పేర్లతో పోలిస్తే దళిత పేర్లకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండొంతులే.

రాజ్యాంగం 16(4) అధికరణ ప్రభుత్వ కొలువుల దగ్గరే ఆగిపోతుంది. ప్రైవేటు ఇంటర్వ్యూ గదికి జవాబుదారీ లేదు. కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టం. అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నలు వేయాలి. ఏ నైపుణ్యానికి ఎన్ని మార్కులు, ఎందుకు అన్నది రాసి ఉంచాలి. దరఖాస్తు చేసినవారిలో, ఎంపికైనవారిలో ఏ వర్గాలవారు ఎందరో పెద్ద కంపెనీలు వెల్లడించాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల డిమాండుకు ఈ లెక్కలే బలం.

విద్యార్థులకు మా మాట: ఇంగ్లిష్ తప్పక నేర్చుకోండి, అది మన హక్కు. కానీ ప్రతి తిరస్కరణనూ మీ లోపంగా మోయకండి.

2019 ఏప్రిల్‌లో పంజాగుట్ట చౌరస్తాలో అంబేడ్కర్ విగ్రహాన్ని అధికారులు తొలగిస్తే నిరసనలు వెల్లువెత్తాయి. అది కళ్లెదుట జరిగింది కాబట్టి అడగగలిగాం. హెచ్‌ఆర్ గదిలో జరిగే తొలగింపు ఎవరికీ కనిపించదు. దాన్ని కాగితం మీదికి రప్పించడమే ఇప్పుడు మన పని.