కూలిన గద్దె మీద కవిత్వం

1948లో నిజాం ఏలిన హైదరాబాదు భారత సైన్యానికి లొంగిపోయిన సెప్టెంబర్ 17 మళ్ళీ వచ్చి వెళ్ళింది. విమోచనమా, విలీనమా, విద్రోహమా అన్న పాత తగాదా మళ్ళీ మొదటి పేజీలకెక్కింది. 2022లో కేంద్రం ఒక పేరుతో, తెలంగాణ రాష్ట్రం ఇంకో పేరుతో ఒకే ఊళ్ళో ఉత్సవాలు జరిపాయి. 2024లో రాష్ట్రం ‘ప్రజాపాలన దినోత్సవం’ అంటూ మరో పేరు తెచ్చింది. పేర్లు మారుతున్నా పత్రికలు వేసే ఫోటో మాత్రం మారదు. 1949 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్‌కు చేతులు జోడించిన ఏడో నిజాం ఫోటో అది.

ఆ ఫోటో మీద మాకు కోపం లేదు. అదే చరిత్ర అని నమ్మించడం మీద ఉంది. ఆ ఫోటో తీసేనాటికే పాలన భారత సైన్యపు మేజర్ జనరల్ చౌదరి చేతికి వెళ్ళిపోయి ఐదు నెలలు. చేతులు జోడించిన రాజును చూపించడానికి ధైర్యం అక్కర్లేదు. ఆ చేతులు ఫర్మానాల మీద సంతకాలు పెడుతున్న రోజుల్లో రాసినవాళ్ళెవరు? వాళ్ళ ఫోటోలు ఏవి?

పాత్రికేయుడు షోయబుల్లాఖాన్ పనిచేసిన ‘తేజ్’ పత్రికను నిజాం ప్రభుత్వం మూయించింది. మందుముల నరసింగరావు నడిపిన ‘రయ్యత్’లో చేరితే దాన్నీ మూయించింది. ఆయన మానలేదు. ‘ఇమ్రోజ్’ పెట్టి, నిజాంకు కొమ్ముకాసిన సాయుధ దళం రజాకార్ల దౌర్జన్యాలను ఉర్దూలోనే ఎండగట్టారు. హైదరాబాదు భారత యూనియన్‌లో చేరడమే మేలన్న ఏడుగురు ముస్లిం ప్రముఖుల ప్రకటనను అచ్చువేశారు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి కాచిగూడలో, ఇంటికి వెళ్తున్న మనిషిని కాల్చి, చెయ్యి నరికారు. అప్పటికాయనకు 27 ఏళ్ళు. మూడు వారాలు దాటగానే భారత సైన్యం కదిలింది. ఒక దినపత్రిక సంపాదకుణ్ణి చీకట్లో మాటువేసి చంపాల్సి వచ్చిందంటే, ఆ రాజ్యానికి తన బలం మీద తనకే నమ్మకం పోయిందన్నమాట.

పత్రిక ఆ రోజు జరిగింది రాస్తుంది. జరగబోయేది కవికి ముందే తెలుస్తుంది. 1937లో అమెరికా పత్రిక ‘టైమ్’ నిజాంను ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రంగా వేసింది. ఏడేళ్ళకు, 1944లో, హైదరాబాదు కవి మఖ్దూం మొహియుద్దీన్ తన ‘సుర్ఖ్ సవేరా’ సంపుటిలో ఆ వ్యవస్థను పాడుబడిన హవేలీగా చూపించాడు. ఆనాడు ఖజానా నిండుగానే ఉంది. గోడల్లోని బీట ఏ విలేఖరికీ వార్తగా దొరకలేదు, కవికి దొరికింది. నిజామాబాదు జైల్లో కాగితం లేకపోతే కవి దాశరథి బొగ్గుముక్కతో గోడ మీద రాశారు. ఆయన ‘అగ్నిధార’ 1949లో అచ్చయిందిగానీ, అందులోని నిప్పు రాజు గద్దె మీదున్నప్పుడు రాజుకున్నదే.

సెప్టెంబర్ తగాదాలో వీళ్ళెందుకు కనబడరు? పనికిరారు గనక. నిజాం కథను హిందూ ముస్లిం పంచాయితీగా మార్చాలనుకునేవాళ్ళకు షోయబుల్లాఖాన్, మఖ్దూం అడ్డం. నిజాంను దేవుణ్ణి చేయాలనుకునేవాళ్ళకు దాశరథి అడ్డం. అందరికీ ఇబ్బంది లేనిది ఆ బేగంపేట ఫోటో ఒక్కటే. పడిపోయినవాణ్ణి తిడితే గద్దెనెక్కినవాడికి సంతోషం. పండిట్ సుందర్‌లాల్ బృందం సైనిక చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన ఊచకోతల గురించి ఇచ్చిన నివేదికను కొత్త ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. నిజాం పోయాక రాయాల్సింది అది. రాసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇప్పటి సంగతీ ఇంతే. 2023 డిసెంబర్‌లో హైదరాబాదులో, 2024 జూన్‌లో అమరావతిలో ప్రభుత్వాలు మారాయి. నిన్నటిదాకా ఉగాది వేదికల మీద శాలువాలు కప్పించుకున్నవాళ్ళు కూడా తెల్లారేసరికి ధిక్కార కవులైపోయారు. ‘కోట కూలింది’, ‘నియంత పతనం’ లాంటి కవితలు మాకు కట్టలుగా వచ్చాయి. ఓటరు చేసి ముగించిన పనిని తమ ఖాతాలో రాసుకోవడానికి ఇంత తొందరా? పత్రికలదీ అదే దారి. ఏలికల ప్రకటనలతో పేజీలు నింపుకున్నవే, ఓడిన మర్నాడు అహంకారం మీద సంపాదకీయాలు రాశాయి. ఆ అహంకారం ఓట్ల లెక్కింపు నాడే పుట్టిందా?

కాలం గడిచి దూరం ఏర్పడితేగాని మంచి కవిత్వం పుట్టదని కొందరంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ దూరం ఏలినవాడు దిగిపోయిన గంటలోనే ఏర్పడుతుంటే, దాన్ని భయం అనాలి.

షోయబుల్లాఖాన్ జీవితాన్ని పాఠ్యపుస్తకంలో పాఠంగా పెట్టమని, ‘ఇమ్రోజ్’ సంచికల్లో దొరికినవాటిని తెలుగులోకి తెమ్మని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాం. కవులకు మా మాట ఒక్కటే. ఓడినవాడి మీద రాసిన కవితను ఇకమీదట అచ్చువేయం. గద్దె మీదున్నవాడి గురించి రాయండి, మీ పేరుతో రాయండి. దాన్ని మొదటి పేజీలో వేసే బాధ్యత మాది. వచ్చే తంటా ఏదైనా ఉంటే అదీ మాదే.