కృష్ణాతీరంలో ఋతువుల లెక్క

మార్గశిరమాసం ప్రవేశించగానే ఏటా హేమంత ఋతుచర్య పత్రికలలో దర్శనమిస్తుంది. ఆ కాలంలో జఠరాగ్ని ప్రబలంగా ఉంటుంది కనుక మినుములు, నువ్వులు, నేయి, కొత్త బియ్యం, చెరకు రసం వంటి గురుపదార్థాలను భుజించవలెననీ, తైలాభ్యంగనం చేసుకొని నిప్పుల సెగతో వెచ్చనైన గదిలో వసించవలెననీ అష్టాంగహృదయంలో వాగ్భటాచార్యుడు చెప్పిన మాటలను యథాతథంగా అచ్చు వేస్తారు. శాస్త్రంపై నాకు పరిపూర్ణ గౌరవం ఉంది. కానీ గుడివాడ వాసినైన నాకు ఏటా ఒకటే సందేహం కలుగుతుంది. ఆ చలి మన ప్రాంతంలో ఎక్కడ ఉంది?

బందరులో జనవరి నెలలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 20 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. మధ్యాహ్నానికి 28 డిగ్రీలకు చేరుతుంది. మన రాష్ట్రంలోనే చింతపల్లి, లంబసింగి వంటి మన్యపు గ్రామాలలో కొన్ని తెల్లవారుజాములు సున్నా డిగ్రీల చేరువకు దిగుతాయి. అక్కడివారు హేమంతచర్యను అక్షరాలా పాటించినా దోషం లేదు. మనది చలి అనడం కంటె చెమ్మ అనడం ఉచితం. ఒకవైపు సముద్రం, మరొకవైపు కృష్ణ పాయలు, నడుమ కాలువలు, వరిచేలు గల దివిసీమ వాగ్భటుడు చెప్పిన అనూపదేశానికి చక్కని ఉదాహరణ. అనూపదేశంలో కఫం అధికమని ఆయనే చెప్పాడు. అటువంటి చోట పుష్యమాసమంతా సున్నుండలు, అరిసెలు, గడ్డపెరుగు, ఆపై పగటినిద్ర అయితే ఉబ్బసం, మధుమేహం గల పెద్దల గతి ఏమిటి? సంక్రాంతికి రెండు అరిసెలు తింటే కొంప మునగదు, నెలంతా తినడమే నాకు అభ్యంతరం. నువ్వులనూనెతో అభ్యంగనం, గోరువెచ్చని నీరు, అల్లం, మిరియాలు, పలుచని ఉలవచారు మన చెమ్మకు చాలు. తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకోవడం మాత్రం ఎక్కడివారికైనా ప్రాణాంతకం. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగూ వాసనా ఉండవు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి ఎండాకాలానిది. పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠాషాఢాలు గ్రీష్మం. మన తీరంలో ఆషాఢానికి తొలకరి జల్లులే వచ్చేస్తాయి. అసలు ఎండ వైశాఖంలోనే నెత్తిన కూర్చుంటుంది. బందరులో మే నెల గరిష్ఠ ఉష్ణోగ్రత సగటే 37, 38 డిగ్రీలు. సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరనిదే శరీరం చల్లబడదు. 2003లో వడగాలులకు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మందికి పైగా మరణించారు. ఆ సంవత్సరం జ్యేష్ఠమాసం జూన్ 1న గాని ప్రారంభం కాలేదు. మే చివరి వారపు ఆ భయంకరమైన ఎండలన్నీ పంచాంగం లెక్కన వసంత ఋతువులోనివే!

ఈ చిక్కును శాస్త్రం ఎరుగకపోలేదు. సుశ్రుతాచార్యుడు సూత్రస్థానంలో రెండు విధాల ఋతువిభాగం చెప్పాడు. దోషసంచయాన్ని బట్టి చెప్పిన రెండవదానిలో వైశాఖ జ్యేష్ఠాలు గ్రీష్మం, ఆషాఢ శ్రావణాలు ప్రావృట్టు, పుష్య మాఘాలు మాత్రమే హేమంతం. శిశిరం ఊసే లేదు. కోస్తాను చూసి వ్రాశాడా అనిపించేంతగా ఇది మనకు సరిపోతుంది. ఇంతటి విలువైన విభాగాన్ని మన వైద్యసోదరులు ఎందుకు ప్రచారం చేయరో నాకు బోధపడదు.

గృహిణులకు నా మనవి ఇది. రోహిణికార్తెలో రోళ్లు పగిలే దాకా వేచి ఉండవద్దు. చైత్ర అమావాస్య నాటికే వట్టివేళ్లు, సబ్జాగింజలు, బార్లీ ఇంటికి తెప్పించండి. పలుచని మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసి పెద్దలకు దాహం అడగకముందే ఇవ్వండి, వయసు మీరినవారికి దాహం సరిగా తెలియదు. హృద్రోగం, మూత్రపిండవ్యాధి ఉన్నవారు ఎంత ద్రవం, ఎంత ఉప్పు అన్నది తమ వైద్యుని అడగాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే ఉపేక్షించరాదు. అప్పుడు చిట్కాలతో కాలయాపన చేయక, ఒంటిని తడిబట్టతో తుడుస్తూ, విసురుతూ, వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. స్పృహ తప్పినవారి నోట మజ్జిగ గాని నీరు గాని పోయరాదు.