బెత్తం గుర్తుంది, కూలి మరిచారు

అనంతపురం పల్లెల్లో పిల్లల పెంపకం మీద ప్రసంగం అనగానే చాలామంది పాస్టర్లు సామెతల గ్రంథం 13వ అధ్యాయం తెరుస్తారు. బెత్తం పట్టని తండ్రికి కొడుకు మీద ప్రేమ లేదని అక్కడుంది. 23వ అధ్యాయం ఇంకా ముందుకు పోయి, కొట్టినంత మాత్రాన పిల్లవాడు చావడని ధైర్యం చెబుతుంది. వినే తల్లిదండ్రులకు ఇది కొత్త కాదు. ‘దండం దశగుణం భవేత్’ అని రామాలయం అరుగు మీదా ఇదే పాఠం. దేవుళ్లు వేరైనా వాత తేలే వీపు ఒక్కటే.

బీదవాణ్ణి దోచుకోవద్దని అదే సామెతల 22వ అధ్యాయంలో ఉంది. బీదల దగ్గర వడ్డీ తీసుకోవద్దని లేవీయకాండం 25లో, పొద్దుగుంకక ముందే కూలి చేతిలో పెట్టమని ద్వితీయోపదేశకాండం 24లో ఉంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తిప్పే విశ్వాసిని ఆ వాక్యం చూపించి నిలదీసిన ప్రసంగం నేనింతవరకు వినలేదు. బెత్తం వాక్యం చిన్నవాళ్ల మీద సులువుగా చెల్లుతుంది, అందుకే నిలిచింది. వడ్డీ వాక్యం ఊళ్లో పెద్దల మీద చెల్లాలి, అందుకే మూలనపడింది. ఏది పాటించాలో ఏది వదలాలో తేలుస్తున్నది మనిషే. అలాంటప్పుడు బిడ్డ ఒంటి మీద దెబ్బకు కూడా మనిషే జవాబు చెప్పాలి, గ్రంథం కాదు.

ఆ సామెతల నీతి పుట్టుకలోనూ మనిషి చెయ్యే ఉంది. ఈజిప్టులో అమెనెమోపె అనే ధాన్యం లెక్కల అధికారి కొడుక్కి చెప్పినట్టుగా రాసిన హితబోధ పపైరస్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 1923లో వాలిస్ బడ్జ్ దాన్ని ప్రచురించాడు. మరుసటి ఏడే అడాల్ఫ్ ఎర్మాన్ అనే జర్మన్ పండితుడు సామెతలు 22, 23 అధ్యాయాలను దాని పక్కన పెట్టి పోలికలు చూపాడు. బీదల్ని దోచకు, పొలం గట్టురాయి జరపకు అన్న మాటలు రెంటిలోనూ ఉన్నాయి. ఈజిప్టు పాఠమే ముందుదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. నైలు ఒడ్డున పొలం కొలతలూ ధాన్యం కాటాలూ చూసినవాడికి తెలిసొచ్చిన న్యాయం అది. మంచి మాటకు ఆకాశం నుంచి సంతకం అక్కర్లేదు.

సోమరి చెయ్యి దరిద్రం తెస్తుందని 10వ అధ్యాయం అంటుంది. ఆ మాటను ఇక్కడి ఎర్రనేల మీద పెట్టి చూడండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, రెండు రుతుపవనాలకూ దూరమైన వానచాటు నేల. ఊడ దిగే వేళ చినుకు రాకపోతే ఎంత కష్టజీవి చెనిక్కాయ చేనైనా ఎండాల్సిందే. తెగులు లేకుండా పండినా, పీకేనాటికి నేల గట్టిపడితే కాయ తెగి మట్టిలోనే ఉండిపోతుంది. ఆ చేలోకి ఆడవాళ్లతోపాటు పిల్లలూ దిగుతారు. ఇనుప చువ్వతో పెళ్లలు గుచ్చి, గోళ్లతో కెలికి, ఒక్కో కాయా ఒడిలో వేసుకుంటారు. ఇలా ఏరుకునే పరిగెను బీదలకు వదిలెయ్యమని కూడా బైబిల్లో ఉంది. ఆ పిల్లే మర్నాడు లెక్కలు చెయ్యకుండా బడికొస్తే అరచేతి మీద దెబ్బ పడుతుంది. పేదరికానికి పేరు సోమరితనం, మందు బెత్తం! ఈ రెండు నమ్మకాలూ ఒకే పసి చేతి మీద కలుస్తాయి. నాకు కోపం వచ్చేది అక్కడే.

మన రాష్ట్రంలో బడుల్లో కొట్టడాన్ని 2002లోనే నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దేశమంతటికీ అదే చెప్పింది. స్వీడన్ 1979లోనే ఇంట్లో కొట్టడాన్నీ నిషేధించింది. 2016లో గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ అనే అమెరికా పరిశోధకులు 75 అధ్యయనాల్లోని లక్షా 60 వేల మందికి పైగా పిల్లల వివరాలు కలిపి చూస్తే, దెబ్బలతో పాటు మొండితనం, దూకుడు, మనోవ్యథ కనిపించాయి తప్ప మేలు కనిపించలేదు.

మంచి చెయ్యాలంటే మతమే దారి అనేవాళ్లు విన్సెంట్ ఫెర్రర్‌ను చూపిస్తారు. 1952లో జెస్యూట్ అనే క్రైస్తవ మఠం సభ్యుడిగా దేశానికి వచ్చి, 1969లో అనంతపురం చేరి, 1970లో ఆ మఠాన్ని వదిలేసిన మనిషి ఆయన. ఆయన పెట్టిన ఆర్డీటీ సంస్థ బడులు, ఆడవాళ్ల పేరున రాసిచ్చిన ఇళ్లు, బత్తలపల్లి ఆస్పత్రి చాలావరకు ఆ తర్వాతివే. 2009లో ఆయన పోయాక ఫోటోకు దండ వేసి దీపం పెడుతున్నారు. ఆ కృతజ్ఞత నాకు అర్థమవుతుంది. అయితే ఆయన్ను దేవుణ్ణి చేస్తే, ఆయన చేసిన పని మనుషుల చేతనవుతుందన్న సంగతి మరుగున పడుతుంది.

బీదకు ఇచ్చింది దేవుడికిచ్చిన అప్పని, ఆయనే తీరుస్తాడని సామెతలు 19 అంటుంది. ఆ లెక్కలో బీదవాడు దాత పుణ్యానికి మెట్టు మాత్రమే, అడిగే హక్కు వాడికి లేదు. అడిగే హక్కు చట్టంతో వచ్చింది. నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది. దాని వెనుక ఉన్న 2005 చట్టం 15 రోజుల్లో కూలి ఇవ్వాలని, ఆలస్యమైతే పరిహారం కట్టాలని రాసింది. ఆ గడువు ఎన్నోసార్లు తప్పింది నిజమే. తప్పినప్పుడు మస్టరు తెరవమని గ్రామసభలో నిలదీసే హక్కు మాత్రం కూలిమనిషికి దక్కింది.