ఆత్మకూరు చాకు, పెన్న ఉప్పు

మా చిన్నాన్న కొడుకు దగ్గర ఒక మడత చాకు ఉంది. వాళ్ళది ఆత్మకూరు. ఏడాది పాటు సోమశిల నీళ్ళ దగ్గర ఆ చాకుతో వాడు చెయ్యని పని లేదు. గాలం దారం కొయ్యడం, ఎర ముక్కలు చెయ్యడం, బొచ్చె పొట్ట చీల్చడం, ఆకలేస్తే మామిడికాయ కోసుకోవడం. కడిగేది లేదు, ఆరబెట్టేది లేదు. ప్యాంటుకి ఒక రుద్దు రుద్ది జేబులో వేసేవాడు. ఒక్క తుప్పు మచ్చ కూడా రాలేదు. అలుగు మీద స్టెయిన్‌లెస్ అని రాసి ఉంది కదా, అందుకేలే అనుకున్నాం ఇద్దరం.

అదే చాకుని అదే పెన్న చివరికి, ఊటుకూరు వైపు నది సముద్రంలో కలిసే చోటికి రెండే రెండుసార్లు తీసుకెళ్ళాం. రెండోసారి అది మా ప్రాణం మీదకి తెచ్చింది.

ఈ కథ ఇప్పుడు ఎందుకంటే, ఉదయగిరి నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మేం నలుగురం కలిసి కయాక్ కొంటున్నాం. సముద్రంలో ఫిషింగ్‌కి తుప్పు పట్టని ఫోల్డింగ్ నైఫ్ ఏది బాగుంటుంది? బడ్జెట్ రెండు వేలు." ఉదయగిరి కొండ కింద పెరిగినోళ్ళకి సముద్రం పిచ్చి పట్టిందంటే నాకు భలే సంతోషం. సమాధానం మాత్రం కొంచెం పొడుగ్గా చెప్పాలి.

మొదటిసారి పోయినప్పుడు ఏమీ కాలేదు. పండుగప్ప పడుతుందని ఆశపడి, పులుసుకి కూడా చాలనన్ని చేపలతో తిరిగొచ్చాం. చాకు బ్యాగులో తడి గుడ్డల మధ్య అలాగే మూడు వారాలు పడి ఉంది. రెండోసారి పోయేటప్పటికి ఆటు మొదలైంది, నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. ఒకచోట నిలబడదామని చిన్న లంగరు వేశాం. దాని తాడుని కయాక్ పక్కనున్న హ్యాండిల్‌కి కట్టాం. అక్కడే తప్పు చేశాం. తాడు ఎప్పుడూ ముందు కొసకో వెనక కొసకో ఉండాలి, పక్కన కట్టకూడదు. లంగరు అడుగున ఏదో పాత వలకి తగులుకుంది. తాడు బిగిసింది. కయాక్ ప్రవాహానికి అడ్డం తిరిగింది. తాడున్న వైపు ఒరిగి నీళ్ళు లోపలికి రావడం మొదలైంది. అంత బరువు మీదున్న ముడి చేత్తో విప్పితే వస్తుందా? వాడు చాకు తీశాడు.

అది తెరుచుకోలేదు.

గోరు పెట్టి లాగాడు. పళ్ళతో పట్టి లాగాడు. నేను తెడ్డుతో అవతలి వైపు బరువు వేసి కూర్చున్నాను. మా అదృష్టం బాగుండి, దగ్గర్లో వల తీసుకుంటున్న ఒకాయన తన పడవ పక్కకి తెచ్చి, మొలలోంచి కత్తి తీసి ఒక్క వేటు వేశాడు. తాడు తెగింది. "ఏందబ్బాయా, ఉప్పునీళ్ళకాడికి ఇట్టాంటి బొమ్మలా తెచ్చుకునేది?" అన్నాడు. తిట్టలేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆయన కత్తి మామూలు ఇనప కత్తే. ఒళ్ళంతా తుప్పు రంగే. కాకపోతే దానికి మడత లేదు, వాదర మాత్రం తెల్లగా మెరుస్తోంది.

ఇంటికొచ్చాక కిరసనాయిల్లో నానబెట్టి మా చాకు తెరిచాం. అలుగు దాదాపు శుభ్రంగానే ఉంది, రెండు మూడు చుక్కలు తప్ప. తుప్పంతా లోపలే. అలుగు తిరిగే కీలు దగ్గర, లాక్ పట్టుకునే స్ప్రింగు మీద, స్క్రూల చుట్టూ గోధుమరంగు ముద్ద పేరుకుపోయింది. కంపెనీవాడు స్టెయిన్‌లెస్ అని రాసింది అలుగు గురించి. స్క్రూల గురించి ఎక్కడా ఏమీ రాయలేదు, మేమూ అడగలేదు.

కాబట్టి తమ్ముడూ, నువ్వు ఏ స్టీలు మంచిదని అడుగుతున్నావు. నేను ముందు కీలు గురించి అడగమంటాను. కయాక్‌లో చాకు చేపలు కొయ్యడానికి కాదు, చేపలు ఒడ్డుకొచ్చాక కత్తిపీట మీద కోసుకోవచ్చు. కయాక్‌లో దాని అసలు పని తాడో, వలో, దారమో నిన్ను పట్టుకున్నప్పుడు ఒక్క క్షణంలో తెరుచుకోవడం. అలుగు అద్దంలా మెరుస్తున్నా కీలు బిగుసుకుపోతే అది ఇనుప ముక్క కింద లెక్క.

ఇక స్టీలు సంగతి. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనపడనంత పల్చటి పొర కడుతుంది. గీత పడితే ఆ పొర మళ్ళీ తనే కట్టుకుంటుంది. సోమశిల నీళ్ళు మంచినీళ్ళు కాబట్టి ఆ పొరకి అక్కడ పెద్దగా కష్టం లేదు. సముద్రంలో లీటరు నీళ్ళకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరకి అక్కడక్కడా సూదిమొన ఆనేంత చిల్లులు పొడుస్తుంది. పైన చుక్కంత కనిపిస్తుంది, కింద గొయ్యి తవ్వుతుంది. కీలు లాంటి ఇరుకు సందుల్లో గాలి ఆడదు, పొర మళ్ళీ కట్టుకోలేదు, ఉప్పునీరు ఆరదు. అందుకే తుప్పుకి అంతకంటే మంచి ఇల్లు దొరకదు.

ఇంకో మెలిక ఉంది. చాకుకి పదును నిలవాలంటే కార్బన్ కావాలి. ఆ కార్బన్ ఊరుకోదు, క్రోమియాన్ని పట్టుకుని తనతో కలిపేసుకుంటుంది. అందుకే 440సీ అనే స్టీల్లో 17 శాతం దాకా క్రోమియం ఉన్నా, కార్బన్ ఒక శాతం ఉండటంతో సముద్రంలో అది మచ్చలు పడుతుంది. ఆన్‌లైన్లో "హై కార్బన్ స్టెయిన్‌లెస్" అని గొప్పగా రాస్తారు చూశారా, వంటింటికి అది మంచి మాటే. ఉప్పునీటికి మాత్రం హెచ్చరిక. మన తెలుగునేల ఉక్కు సంగతి కూడా అంతే. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తయారైన ఉక్కు డమాస్కస్ కత్తుల దాకా పోయింది, ఇంగ్లీషువాళ్ళ 'వూట్జ్' అనే మాట కూడా మన 'ఉక్కు' నుంచే వచ్చిందంటారు. పదునుకి దానికి ఎదురులేదు. కానీ నూనె రాయకుండా వదిలేస్తే తుప్పే.

దీనికి లోహశాస్త్రం వాళ్ళు కనిపెట్టిన ఉపాయం, కార్బన్ తగ్గించి ఆ జాగాలో నైట్రోజన్ పెట్టడం. నైట్రోజన్ గట్టిదనం ఇస్తుంది, క్రోమియాన్ని అంతగా తినదు. జపాన్‌లో తయారైన హెచ్1 అలాంటిదే. స్పైడర్కో కంపెనీ సాల్ట్ సిరీస్ చాకులు దాంతోనే పేరు తెచ్చుకున్నాయి. విమానాల బేరింగుల్లో వాడే రకం నుంచి వచ్చిన ఎల్‌సీ200ఎన్ కూడా ఈ కోవలోదే. 2021లో లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త రూపొందించిన మాగ్నాకట్‌లో పదునూ, తుప్పుని తట్టుకోవడమూ రెండూ బాగానే కుదిరాయి. హెచ్1కి ఒక లోటుంది, మామూలు వాదర త్వరగా మొద్దుబారుతుంది. రంపపు పళ్ళు ఉన్నది తీసుకుంటే ఆ బాధ తెలీదు. తాడు కొయ్యడానికి ఎలాగూ పళ్ళే నయం.

ఇవన్నీ వినడానికి బాగుంటాయి. దిగుమతి ఖర్చులతో కలిపి చూస్తే ధర పదివేలు దాటుతుంది. ఉదయగిరిలో నలుగురు స్నేహితులు చందాలేసి కయాక్ కొంటుంటే పదివేల చాకు కొనమని చెప్పడానికి నాకు నోరు రాదు. కొనగలిగినవాళ్ళు కొనుక్కోండి, డబ్బు దండగ కాదు.

రెండు వేలలో అయితే, "సముద్రంలో ఎప్పటికీ తుప్పు పట్టదు" అని ఎవరు రాసినా నమ్మకండి. కార్బన్ మరీ ఎక్కువ లేని మామూలు స్టెయిన్‌లెస్ చాలు. అలుగు పొడవు మూడంగుళాలు చాలు. కొస సూదిలా కాకుండా మొద్దుగా, గొర్రె గిట్టలా ఉన్నది మంచిది. అలల్లో ఊగుతూ పక్కవాడి తొడలో గుచ్చకుండా ఉంటుంది, గాలి నింపే కయాక్ అయితే దానికీ చిల్లు పడదు. అలుగు మీద బొటనవేలు దూరే గుండ్రటి కన్నం ఉండాలి. గోరుతో లాగే గాడి ఉన్నది వద్దు, తడిచేతికి అది దొరకదు. షాపులోనే ఎడమచేత్తో ఒకసారి, కుడిచేత్తో ఒకసారి తెరిచి చూడండి. కయాక్‌లో ఏ చెయ్యి ఖాళీగా ఉంటుందో ముందు తెలీదు కదా. పిడి ప్లాస్టిక్‌దై ఉండాలి, పసుపో నారింజో రంగుండాలి. లోపల ఇనప పట్టీలు ఎంత తక్కువుంటే అంత మంచిది. రెండు పక్కలా వెలుతురు కనిపించేలా తెరిపి ఉంటే నీళ్ళు పట్టినా కడిగెయ్యొచ్చు. నల్లటి పూత వేసినవి చూసి మోసపోకండి, పదునుపెట్టే వాదర మీద పూత ఉండదు, తుప్పు అక్కణ్ణించే మొదలవుతుంది. కొందరు అయస్కాంతం పెట్టి చూస్తారు, అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదని. అది గిన్నెల విషయంలో చెల్లుతుందేమో గానీ చాకుల విషయంలో కాదు. కాల్చి గట్టిపరిచిన చాకు స్టీళ్ళు స్టెయిన్‌లెస్ అయినా సరే అయస్కాంతానికి అంటుకుంటాయి. మీట నొక్కితే స్ప్రింగుతో ఠక్కున తెరుచుకునేవి కూడా వద్దు. ఉప్పుకి ముందు పోయేది ఆ స్ప్రింగే, పైగా దారిలో పోలీసులకి సంజాయిషీ చెప్పుకోవాలి.

ఉదయగిరి వాళ్ళకి ఇంకో మాట. మీ ఊరు చెక్క గరిటెలకీ, చెంచాలకీ, ఫోర్కులకీ పేరున్న ఊరు. ఉదయగిరి చెక్క సామానుకి 2015లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. దుర్గం కింది అడవి చెక్కతో అంత నాజూగ్గా చెక్కేవాళ్ళుంటే, చాకుకి చెక్క పిడి పెట్టించుకుందాం అనిపించడం సహజం. వద్దు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఫ్రాన్స్‌లో 1890 నుంచి చేస్తున్న ఒపినెల్ చాకు ప్రపంచమంతా మెచ్చినదే. దాని బీచ్ చెక్క పిడి తడిస్తే ఉబ్బి అలుగుని పట్టేస్తుందని వాడేవాళ్ళందరికీ తెలుసు. స్టీలు తుప్పు పట్టకపోయినా చాకు తెరుచుకోదు, మాకు జరిగిందే మళ్ళీ జరుగుతుంది. ఉదయగిరి చెంచాల్ని పులుసు వడ్డించే దగ్గర వాడండి, వాటి గౌరవం వాటికుంటుంది.

కొన్న చాకుని నీళ్ళలోకి దిగే ముందే పరీక్షించండి. లీటరు నీళ్ళలో 35 గ్రాముల ఉప్పు కలిపి, మూసిన చాకుని రాత్రంతా ఉంచండి. పొద్దున తీసి, కడగకుండా ఒక రోజంతా బయట పెట్టండి. నీళ్ళలో ఉన్నప్పటికంటే తడిసి గాల్లో ఉన్నప్పుడే తుప్పు ఎక్కువ పడుతుంది. తర్వాత ఒంటిచేత్తో తెరవండి. గరగరమంటే ఏ భాగం ఏడుస్తోందో తెలిసిపోతుంది. స్క్రూలైతే మార్పించుకోవచ్చు. కీలే అయితే దాన్ని ఇంట్లో కూరగాయలకి వాడుకోండి.

సముద్రం నుంచి వచ్చాక చాకుని తెరిచి, మంచినీళ్ళ కుళాయి కింద కీలులోకి నీళ్ళు పోయేలా ఓ నిమిషం ఆడించాలి. ఇంటికొచ్చి కడుగుదాం అనుకోవద్దు. నెల్లూరు దాటి ఆత్మకూరో ఉదయగిరో చేరేలోపు ఆ వేడికి ఉప్పు లోపలే గడ్డకడుతుంది. బండిలో రెండు లీటర్ల మంచినీళ్ళ సీసా అదనంగా పెట్టుకోండి. పూర్తిగా ఆరాక కీలులో కాస్త వాజిలిన్ పెట్టండి. పల్చటి మిషన్ ఆయిల్ ఒక్క అలకే కొట్టుకుపోతుంది. చేపలు కూడా కోస్తాం అంటారా, అలుగుకి కొబ్బరినూనె రాయండి. నువ్వులనూనె వద్దు, జిడ్డుకట్టి పట్టేస్తుంది.

ఇంత చదివాక నువ్వు అడగొచ్చు, ఇంత తంటా ఎందుకన్నా, ఆ పడవాయనలా మడత లేని కత్తే పెట్టుకుంటే పోలా అని. నిజం చెప్పాలంటే రెండు వేల బడ్జెట్టుకి నా ఓటు దానికే. ప్లాస్టిక్ ఒరలో బిగుసుకుని ఉండే పొట్టి కత్తి, లైఫ్ జాకెట్ ఛాతీ మీద, రెండు చేతులకీ అందేచోట. దానికి కీలూ లేదు, స్ప్రింగూ లేదు. మడత చాకులో ఉన్న సుఖం ఒక్కటే, నీళ్ళలో పడి మళ్ళీ కయాక్ ఎక్కేటప్పుడు ఎక్కడా గుచ్చుకోదు. ఆ సుఖం కావాలంటే పైన చెప్పిన చాకిరీ అంతా చెయ్యాలి. ఏది పెట్టుకున్నా, ఫస్ట్ ఎయిడ్ వాళ్ళు బట్టలు కత్తిరించే మొద్దు కొస కత్తెర ఒకటి పక్కన ఉంచుకోండి. కొన్ని వందల్లో వస్తుంది, అల్లిన దారాన్ని పుటుక్కున తెంపుతుంది. తుప్పు పడితే పారేసి ఇంకోటి కొనుక్కోవచ్చు.

మా తమ్ముడు ఇప్పుడు పసుపురంగు ఒరలో పొట్టి కత్తి పెట్టుకుంటున్నాడు. లంగరు తాడు వెనక కొసకి కడుతున్నాడు, అదీ లాగితే ఊడే ముడితో. పాత చాకు పారెయ్యలేదు. సోమశిలకి పోయేటప్పుడు ఇప్పటికీ అదే జేబులో వేసుకుంటాడు. అక్కడ అది బాగానే తెరుచుకుంటోంది.

వచ్చే వారం లైఫ్ జాకెట్ల సంగతి. ఎనిమిది వందల జాకెట్టుకీ నాలుగు వేల జాకెట్టుకీ తేడా ఏంటని ముగ్గురు అడిగారు.