బెంగ

‘బెంగపెట్టుకొని చిక్కిపోయినది’ అని మన పల్లెలలో ముసలివారు చెప్పునపుడు, పట్టణపు చదువు చదివిన మనము, అది కారణము తెలియని రోగములకు వారు పెట్టుకొన్న ముద్దుపేరని నవ్వుకొంటిమి. ఆ నవ్వు నేడు మనకు శోభించునది కాదు.

ఆక్టోపస్‌లను పట్టుటకై జపాను జాలరులు సముద్రములోనికి దింపు సన్నని మెడ, గుండ్రని అడుగు గల మట్టికుండకు తాకోట్సుబో అని పేరు. ఆప్తుల మరణవార్త చెవినిబడిన స్త్రీలు ఛాతీనొప్పితో వైద్యశాలకు రాగా, ఈసీజీయు రక్తపరీక్షయు గుండెపోటునే సూచించినను, తీరా ఆంజియోగ్రాములో రక్తనాళమేదియు పూడుకొని యుండక, గుండె ఎడమ జఠరిక కొన మాత్రము చలనముడిగి ఆ కుండవలె ఉబ్బియుండుటను గమనించిన జపాను వైద్యులు, 1990లో ఆ వ్యాధికి ఆ కుండ పేరే పెట్టిరి. దీని పాలబడువారిలో పదింట తొమ్మిదిమంది స్త్రీలు, అందును ఋతువుడిగిన వయసువారే ఎక్కువ. శోకవేళ వెల్లువెత్తు అడ్రినలిన్ వంటి ద్రవ్యములు గుండె కండరమును స్తంభింపజేయుచున్నవని వైద్యులు తలంచుచున్నారు. చాలమందికి కొన్ని వారములలో గుండె కుదుటబడును, కొందఱు బ్రదుకరు.

అయితే హఠాత్తుగా వచ్చిపడు దుఃఖముకంటె దినదినము అరగదీయు దుఃఖమే నన్నెక్కువ కలవరపెట్టుచున్నది. 1995లో వెలువడిన యొక అమెరికా పరిశోధనలో, మతిమఱపు వ్యాధి సోకిన బంధువులకు సేవచేయు 13 మంది స్త్రీలకును, అట్టి భారము లేని మఱి 13 మందికిని చేతిపై మూడున్నర మిల్లీమీటర్ల గాయము చేసి చూడగా, సేవచేయువారి గాయము మానుటకు సగటున తొమ్మిది దినములు ఎక్కువ పట్టినది.

ప్రతి రోగమును చింతకు అంటగట్టుటయు తగదు సుమా. కడుపులో పుండ్లకు దిగులే మూలమని ఏండ్లతరబడి నమ్మినవారికి, పెక్కింటికి కారణము సూక్ష్మజీవి యని 1980లలో మార్షల్, వారెన్ అను ఆస్ట్రేలియా వైద్యులు చూపిరి.

కాని మంచముపట్టిన అత్తగారికి ఏండ్లుగా అన్నియు తానై చేయు కోడలు, ‘ఒళ్ళంతా నొప్పులు, నిద్రపట్టదు’ అని డాక్టరు ఎదుట కూర్చుండినపుడు, ఆయన రిపోర్టులు తిరగవేసి ‘ఏమీ లేదమ్మా, అంతా నీ మనసులోనే’ అని పంపివేయుట చూచినపుడెల్ల, మనసులో నున్నది ఏమియు లేనిదెట్లగునో నాకు బోధపడదు. ‘రాత్రి ఆవిడకడ ఎవరు మేలుకొందురమ్మా?’ అని ఆయన ఒక్కమాట అడుగవలెను; చీటీపై మందులతోబాటు, వారమునకు రెండు రాత్రులు ఆ తల్లి కన్నకొడుకే మంచముకడ కూర్చుండవలెనని వ్రాసినను నాకభ్యంతరము లేదు.